గాంధీగారి అపక్వాహారం

ఉగాదినాడు మన ఇళ్లలో మొట్టమొదట నోట వేసుకునే పచ్చడికి పొయ్యితో పనిలేదు. వేపపువ్వు, మామిడి పిందె, కొత్త చింతపండు, కొత్త బెల్లం, అన్నీ పచ్చివే. తెలుగునేల విడిచి తరాలు గడచినా, ఈ పుణే నగరంలో వేపపువ్వు కోసం ఏటేటా చెట్లు వెదుక్కునే మన ఆడవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ ఒక్క పచ్చడితో ఊరుకోక, నిత్యం తినే తిండినంతా నిప్పు తగలకుండా తినవచ్చునా అని పలుమార్లు పరీక్షించి చూచిన మహానుభావుడు ఒకరున్నారు. ఆయన గాంధీమహాత్ముడు. ఆయన దండి యాత్ర ఎరుగని వారు లేరు. ఆయన వంటింటి చరిత్ర ఎరిగినవారు తక్కువ. అందులో ఒక ఘట్టం మన రాజమహేంద్రవరంలో మొదలయింది, చివరి ఘట్టాలు మనముంటున్న ఈ పుణేలో జరిగాయి. అందుచేత ఈ ఉగాది సంచికకు తగునని తోచి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1869లో పోర్‌బందరులో పుట్టిన మోహనదాసు బారిష్టరు చదువుకు లండను వెళ్లి అక్కడి శాకాహారుల సంఘంలో చేరారు. నిప్పు తగిలితే ఆహారంలోని జీవశక్తి పోతుందనే వాదం ఆ సంఘీయుల్లో కొందరికి ఉండేది. 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా చేరాక, ఇరవైనాలుగేళ్లైనా నిండకుండానే, ఆగస్టు నెలలో గాంధీగారు దానిని తమ మీదనే ప్రయోగించి చూచారు. రాత్రి నానవేసిన గోధుమలు, బఠాణీలు, బియ్యం, కాసిని ద్రాక్షపండ్లు, పప్పులు ఫలహారం. నమిలి మింగేసరికి ముప్పావు గంట పట్టింది. ఉదయం హుషారు, సాయంత్రం దిగులు, తలనొప్పి. రోజూ జరిగినది జరిగినట్టు రాసుకున్నారు. పక్షం రోజులు నిండకముందే మానుకున్నారు. ఆ దినచర్యను మరుసటి ఏడు లండనులోని శాకాహారుల పత్రికలో, ఓటమిని దాచకుండా, అచ్చు వేయించారు.

1910లో జోహాన్నెస్‌బర్గుకు ఇరవయ్యొక్క మైళ్ల దూరాన టాల్‌స్టాయి క్షేత్రం వెలసింది. జర్మను మిత్రుడు కాలెన్‌బాక్ కొని ఇచ్చిన 1100 ఎకరాలు, వేయి దాకా పండ్లచెట్లు. సత్యాగ్రహుల కుటుంబాలు అక్కడ కాపురం పెట్టాయి. గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివారు, వారితోపాటు మన ఆంధ్రులూ ఉన్నారు. అందరికీ కలిపి ఒక్కటే వంటిల్లు. పరాయినేలమీద నాలుగు భాషలవారు ఒకే పంక్తిలో కూర్చున్న ఆ భోజనశాలను తలచుకుంటే మనబోటి వలస కుటుంబాలకు సంతోషం కలుగుతుంది. అందరికీ రొట్టె, అన్నం, పప్పు, కూర. గాంధీగారూ కాలెన్‌బాకూ మాత్రం 1912లో పాలు మానివేసి పచ్చి వేరుశనగలు, అరటిపండ్లు, ఖర్జూరాలు, నిమ్మకాయలు, ఆలివు నూనెతో కాలం గడిపారు. ఇతరులమీద ఆ నియమం పెట్టలేదు.

ఇతరులమీద పెట్టలేదన్నాను గాని, ఇల్లాలి సంగతి వేరు. కస్తూరిబాకు శస్త్రచికిత్స అయిన తర్వాత రక్తస్రావం తిరగబెట్టగా, ఉప్పూ పప్పూ మానమని భర్త బ్రతిమాలారు. మీరైనా మానగలరా అని ఆమె విసిగి అడిగారు. ఆయన వెంటనే ఏడాదిపాటు రెండూ మానేస్తున్నానని ప్రకటించారు. ఆమె కన్నీళ్లు పెట్టుకుని, తాను మానేస్తానని, ఆ మాట వెనక్కు తీసుకోమని వేడుకున్నారు. తీసుకోలేదు. ఆమెకు జబ్బు నయమయింది, నిజమే. కాని ఒకరి పట్టుదల ఇంటిల్లిపాది విస్తరిలోకి ఎలా వచ్చి పడుతుందో దీనివల్ల తెలుస్తుంది.

1918లో ఖేడా జిల్లాలో తిరుగుతూ వేరుశనగ ముద్ద, నిమ్మకాయలతో ఉంటున్నప్పుడు ఆయనకు కొద్దిగా జిగట విరేచనాలు పట్టుకున్నాయి. పండుగ పూట కస్తూరిబా నేయి లేకుండా నూనెతో గోధుమ పాయసం చేసి, పెసలు విడిగా ఉంచి పెట్టారు. తిననన్నవారు తిన్నారు. గంటలో జబ్బు ముదిరింది. చావు అంచుదాకా వెళ్లారు. 1919 మొదట్లో బొంబాయిలో వైద్యుడు పాలు తప్పవన్నాడు. ఆయన వ్రతం అడ్డు చెప్పారు. మంచం పక్కనున్న కస్తూరిబా, వ్రతం పట్టినప్పుడు తలచినవి ఆవుపాలు, గేదెపాలే కదా, మేకపాలకు అడ్డేమిటని అడిగారు. ఆయన ఒప్పుకున్నారు, ప్రాణం నిలిచింది. మాట నిలిచినా మనసులోని వ్రతం భంగమయిందని ఆయన తర్వాత చాలాకాలం బాధపడ్డారు. ఆ ఇల్లాలి సమయస్ఫూర్తి లేకుంటే ఈ దేశచరిత్ర ఎలా ఉండేదో!

ఇక 1929. ఖద్దరు నిధికోసం గాంధీగారు ఏప్రిల్, మే మాసాల్లో ఆంధ్రదేశమంతా తిరిగారు. రాజమహేంద్రవరంలో ప్రకృతిచికిత్సాలయం నడిపే గోపాలరావుగారు ఆయనను కలుసుకుని, తొట్టిస్నానాలు మంచివే అయినా చాలవనీ, వంటలో నిప్పును విడిచి మొలకధాన్యాలు తింటే దీర్ఘరోగాలు పోతాయనీ, అలా నయం చేసిన అనుభవం తనకున్నదనీ చెప్పారు. ముప్ఫై ఆరేళ్లనాటి ప్రిటోరియా కోరిక మళ్లీ రగిలింది. అరవయ్యో ఏట ప్రయోగం ప్రారంభించారు.

రోజుకు 8 తులాల మొలకెత్తిన గోధుమలు, 8 తులాల బాదంపప్పు ముద్ద, 8 తులాల పచ్చి ఆకుకూర నూరినది, 6 నిమ్మకాయలు, 2 ఔన్సుల తేనె. మన లెక్కలో 8 తులాలంటే 93 గ్రాములు. వారంలో రెండు మూడు రోజులు గోధుమల బదులు మొలకెత్తిన శనగలు, అప్పుడు బాదం బదులు కొబ్బరిపాలు. ఉదయం 11 గంటలకు సగం, సాయంత్రం 6-15కు సగం. ఎటు లెక్కపెట్టినా పదార్థాలు అయిదే. రోజుకు అయిదింటికి మించి తినననీ, చీకటిపడితే ముట్టననీ 1915 హరిద్వారం కుంభమేళాలో పట్టిన నియమం ఇక్కడా తప్పలేదు. నిప్పు సోకినది నిమ్మరసం, తేనె కలుపుకునే వేడినీళ్లకే.

దీనివెనుక ఆయన ఆశ చిన్నది కాదు. ఇది నెగ్గితే స్త్రీలకు వంటింటి చాకిరి తప్పుతుందని ఆయన రాశారు. పొయ్యి ఊది ఊది కళ్లు మసకలు కమ్మిన మన అమ్మమ్మల తరం ఈ మాట వింటే ఎంత పొంగిపోయేదో! ఆకులు నూరాలి, బాదం రుబ్బాలి, గింజలు నానబెట్టి తడిగుడ్డలో కట్టాలి. పొయ్యి ఆరినా రోలు ఆగదు గదా అని నాకో అనుమానం. బాదంపప్పు బీదవాని ఇంట ఎక్కడిదన్న ప్రశ్న కూడా ఉండనే ఉంది. కోనసీమలో కొబ్బరిపాలంటే సరే!

ఆశ్రమంలో మరికొందరు కూడా ఈ ఆహారం మొదలుపెట్టారు. గాంధీగారు జూన్‌లో 'యంగ్ ఇండియా'లో కొలతలతో సహా ప్రకటించి, వైద్యుల అభిప్రాయాలు కోరారు. దేశం నలుమూలల నుండి ఉత్తరాలు వచ్చాయి. ఆగస్టులో ఆయనకు మళ్లీ జిగట విరేచనాలు పట్టుకున్నాయి. ప్రయోగం ఆగింది. మేకపాలు, పెరుగు మళ్లీ పళ్లెంలోకి వచ్చాయి. ప్రకటించిన పత్రికలోనే, అదే నెలలో, ఓటమినీ ప్రకటించారు. ఆయన మాట విని పొయ్యి ఆర్పిన ఇళ్లు ఎన్నో ఉండి ఉంటాయి గదా. వారికి ఆ సంగతి చేరకపోతే ఎంత ముప్పు! అది ఎరిగిన మనిషి ఆయన.

1942 ఆగస్టులో సర్కారు ఆయనను నిర్బంధించి మన పుణేలోని ఆగాఖాను మహలులో ఉంచింది. అక్కడ ఆరోగ్యంమీద ఒక చిన్న పుస్తకం రాశారు. కూర్చుని పనిచేసే మనిషికి రోజూ ఏమేమి కావాలో అందులో పట్టిక ఉన్నది. ఆవుపాలు 2 పౌనులు, ధాన్యం 6 ఔన్సులు, ఆకుకూరలు 3, ఇతర కూరగాయలు 5, నేయి ఒకటిన్నర, బెల్లమో పంచదారో ఒకటిన్నర. పచ్చికూర 1 ఔన్సు. నాలుగు దశాబ్దాలకు పైగా చేసిన పరీక్షల్లో పచ్చితిండికి చివరకు మిగిలిన వాటా అంతే. పాలకు సాటివచ్చే చెట్టుసరుకు ఏదో ఒకనాడు దొరుకుతుందన్న ఆశను మాత్రం వదులుకోలేదు. పాలలో ఉండి మొక్కల్లో దొరకని బి-12 విటమినును శాస్త్రజ్ఞులు వేరుచేసినది 1948లో. ఆ జనవరిలోనే ఆయన వెళ్లిపోయారు.

కస్తూరిబా ఆ మహలులోనే 1944 ఫిబ్రవరి 22న కన్నుమూశారు. ఆ ప్రాంగణంలోనే ఆమె సమాధి ఉన్నది. 1946లో గాంధీగారు మళ్లీ ఈ ప్రాంతానికే వచ్చి ఉరుళీ కాంచన్‌లో ప్రకృతిచికిత్సాశ్రమం పెట్టించారు. ఈ ఉగాదికి బంధువులు ఊరినుండి వస్తే, పచ్చడి తిన్న తర్వాత పిల్లలను వెంటపెట్టుకుని ఒకసారి ఆ సమాధి దగ్గరకు వెళ్లిరండి.