రేడియో అన్నయ్య: నోటిఫికేషన్ రాని ఉద్యోగం

శ్రావణమాసంలో మా ఉరుకుందకు వస్తే గుడి దగ్గర మైకు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఈరన్న స్వామి దర్శనానికి ఆదోని, ఎమ్మిగనూరు నుంచే కాదు, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. అందుకే ఏది చెప్పినా తెలుగులో ఒకసారి, కన్నడలో ఒకసారి. అందులో సగం తప్పిపోయిన పిల్లల గురించే. ఒకసారి ఏడుస్తున్న పిల్లాడికే మైకు ఇచ్చి పేరు చెప్పమన్నారు. తన గొంతు గుడి చుట్టూ వినిపించేసరికి వాడు ఏడుపు ఆపేశాడు. పేరు, ఊరు, బడి, ఆఖరికి ఇంట్లో మేక సంగతి కూడా చెప్పాడు. వాళ్లమ్మ వచ్చినా మైకు వదల్లేదు!

పిల్లల చేతికి మైకు ఇస్తే ఏమవుతుందో ఎనభై ఏళ్ల కిందటే కనిపెట్టి, దాన్నే జీవితమంతా పనిగా చేసుకున్న మనిషి ఒకాయన ఉన్నారు. న్యాయపతి రాఘవరావు. ఆ పేరు చెబితే ఇంట్లో తాతయ్యకు వెంటనే తట్టకపోవచ్చు. రేడియో అన్నయ్య అని అడిగి చూడండి.

ఆయన 1905 ఏప్రిల్ 13న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది, అప్పట్లో మద్రాసు రాష్ట్రం. బి.ఎ. చదివి పత్రికల్లో చేరారు. ఆంధ్రపత్రికలో ఉపసంపాదకుడిగా పనిచేశారు. అప్పటి లెక్కలో మంచి చదువు, పరువైన ఉద్యోగం. అక్కడే ఉండిపోయి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

1938 జూన్‌లో మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. ఇవాళ మనం కొత్త యాప్ గురించి మాట్లాడుకున్నట్టే అప్పుడు రేడియో గురించి మాట్లాడుకునేవాళ్లు. అందులో తెలుగు పిల్లల కోసం ఏం చేయాలో చెప్పే కోర్సు లేదు, చూసి రాసుకోవడానికి పాత మోడల్ కూడా లేదు. ఆ పనికి రాఘవరావు, ఆయన భార్య కామేశ్వరి ఇద్దరూ పూనుకున్నారు. పిల్లలకు ఆయన అన్నయ్య, ఆవిడ అక్కయ్య. మొగుడూ పెళ్లాలు అన్నయ్య, అక్కయ్య ఎలా అవుతారని పెద్దవాళ్లకు సందేహం రావచ్చు గానీ, పిల్లలకు ఆ వరసల లెక్కతో పనేముంది? నాకైతే ఆ ఎంపికలోనే సగం తెలివి కనిపిస్తుంది. మాస్టారు అని పిలిపించుకుని ఉంటే పిల్లలు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. అన్నయ్య దగ్గర అల్లరి చేయొచ్చు.

ఇక్కడ కొంచెం టెక్నికల్ సంగతి. అప్పటి ప్రసారాలు ఎక్కువగా లైవ్. తప్పు దొర్లితే కత్తిరించడానికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లేదు. ఒకడు దగ్గినా, ఒకమ్మాయి పాట మధ్యలో మర్చిపోయినా అలాగే గాల్లోకి వెళ్లిపోవాల్సిందే. నేను బ్లాగ్ కోసం మొదటిసారి ఆడియో చేసినప్పుడు ఐదు నిమిషాల ముక్కకు పదిహేడు టేకులు తీసుకున్నాను. అది కూడా గదిలో ఒక్కణ్ణే! గది నిండా పిల్లలతో వారం వారం అది చేయాలంటే ప్రసారం కన్నా ముందు జరిగే పనే పెద్దది. పాట నేర్పాలి, నాటకం వేయించాలి, సిగ్గు పోగొట్టాలి.

ఆ పనికి ఒక చోటు కావాలి. 1940లో ఈ దంపతులు ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. రేడియోలో వినిపించేది కొద్దిసేపే, దాని వెనక పిల్లలు కలిసి ఆడి పాడే సంఘం ఏడాది పొడుగునా నడిచేది. ఇంకో చిక్కు మిగిలింది. రేడియో సెట్టు ఖరీదు, పైగా ఏటా లైసెన్సు ఫీజు కట్టాలి. పల్లెల్లో ఎన్ని ఇళ్లలో ఉంటుంది? 1945లో ‘బాల’ అనే పిల్లల పత్రిక మొదలుపెట్టారు. రేడియో చేరని ఇంటికి పోస్టులో పత్రిక చేరుతుంది.

ఆ పత్రికలో ఒక కుర్రాడి మొదటి కథ అచ్చయింది. వయసు పద్నాలుగు. పేరు ముళ్లపూడి వెంకటరమణ. అందులోనే బొమ్మలు మొదలుపెట్టిన ఇంకో కుర్రాడు ఆయనకన్నా రెండేళ్లు చిన్న, ఇంటిపేరు సత్తిరాజు. ఆయన తర్వాత లా డిగ్రీ పూర్తిచేశారు గానీ మనకు లాయరుగా తెలియదు, బాపుగా తెలుసు. రమణ ‘బుడుగు’ రాశారు, బాపు బొమ్మలు వేశారు. 1967లో ఇద్దరూ కలిసి ‘సాక్షి’ సినిమా తీశారు. మన రెజ్యూమెలో మొదటి ఇంటర్న్‌షిప్ ఎక్కడో రాసుకుంటాం కదా, వాళ్లిద్దరికీ ఆ గడిలో ‘బాల’ పత్రిక ఉంటుంది. పిల్లల రాత, పిల్లల గీత అని పక్కన పడేయకుండా అచ్చువేసినవాళ్లు ఒకరున్నారు.

అన్నీ కలిసొచ్చాయని చెప్పను. ఎంతో పేరు తెచ్చిన ‘బాల’ 1950ల చివర్లో ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక దంపతులు మద్రాసు వదిలి హైదరాబాద్ వచ్చేశారు. యాభై దాటిన వయసులో కొత్త ఊరు. మద్రాసులో పేర్చుకున్నదంతా ఇక్కడ మళ్లీ మొదట్నుంచి పేర్చాలి, కొత్త పిల్లలు, కొత్త తల్లిదండ్రులు. పేర్చారు. హైదరాబాద్ రేడియోలో బాలానందం విని పెరిగిన తరం ఇప్పుడు మన అమ్మానాన్నల వయసులో, ఇంకా పైన ఉంది. కోచింగ్ సెంటర్ మెట్ల మీద కూర్చుని రిజల్ట్ కోసం ఎదురుచూసిన రోజుల్లో ఈ కథ నాకెవరైనా చెప్పి ఉంటే, ముందు మద్రాసు ముక్క వదిలేసి ఈ హైదరాబాద్ ముక్కే చెప్పమనేవాణ్ణి.

1977లో హైదరాబాద్‌కు దూరదర్శన్ వచ్చింది. రేడియో చుట్టూ చేరిన పిల్లలు మెల్లగా టీవీ వైపు జరిగారు. 1980లో కామేశ్వరి పోయారు. 1984 ఫిబ్రవరి 24న రాఘవరావు కూడా వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆయన చేతుల్లో పెరిగిన పిల్లలు తాతలైపోతున్నా, ఆయన్ను అన్నయ్య అనే పిలిచేవాళ్లు.