పసుపు వెలుతురులో రాజా దీన్‌దయాళ్

పసుపులో ముంచిన బట్టని ఎండలో ఆరేస్తే రంగు వెలిసిపోతుందని మన అమ్మమ్మలకి ఎవరూ సైన్సు పాఠం చెప్పలేదు. చూసి తెలుసుకున్నారు. నీడపట్టున ఆరేస్తే ఆ రంగే నిలుస్తుందనీ తెలుసుకున్నారు. వెలుతురు వస్తువుల్ని మారుస్తుంది. అయితే అన్ని వెలుతుర్లూ ఒకేలా మార్చవు. ఫొటోగ్రఫీ అంతా ఈ రెండు మాటల మీదే నిలబడి ఉంది. మన జంటనగరాల్లో ఈ కిటుకు పట్టుకుని ‘రాజా’ బిరుదు దాకా వెళ్లినాయన ఒకరున్నారు. ఆయనే లాలా దీన్‌దయాళ్.

నేనుండేది కవాడిగూడలో. కాగితానికి చేత్తో మందు పూసి, ఆరబెట్టి, ఎండలో ఫొటోలు అచ్చువేసే పాతకాలపు పద్ధతులంటే నాకు సరదా. మేడమీది చిన్నగదే నా కార్ఖానా. ఆ గదిలో ఏ బల్బు పెట్టాలన్న ప్రశ్నతో పాత పుస్తకాలు తిరగేస్తుంటే దీన్‌దయాళ్ ఎదురయ్యారు. మా ఇంటినుంచి ట్యాంక్‌బండ్ మీదుగా రాణిగంజ్ దాటితే సికింద్రాబాదే. ఒకప్పుడు ఆయన స్టూడియో నడిచింది ఆ ఊళ్లోనే!

నౌకరీ నుంచి నిజాం కొలువుకి

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ శిక్షణ పొంది, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. గీతలు గీసే చేతులు 1874 ప్రాంతంలో కెమెరా పట్టాయి. ఇండోర్ మహారాజు తుకోజీరావు, ఆంగ్లేయ అధికారి సర్ హెన్రీ డాలీ ఆయన్ని ప్రోత్సహించారు. సాంచీ, గ్వాలియర్ వంటి చోట్ల ఆయన తీసిన కట్టడాల ఫొటోలకి పేరొచ్చింది. పేరు రాగానే ఉద్యోగం వదిలేసి, దీన్నే బతుకుతెరువు చేసుకున్నారు. ఆ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. 1894లో నిజాం ఆయనకిచ్చిన బిరుదు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే చిత్రకారుడు.

నిజాం వేటలు, విందులు, దర్బార్లు, ఫలక్‌నుమా గదులు అన్నీ ఆయన కెమెరాకి చిక్కాయి. మా పక్కనే ఉన్న బషీర్‌బాగ్ పేరు అక్కడి ప్యాలెస్‌ని బట్టి వచ్చింది. ఆ ప్యాలెస్ ఇప్పుడు లేదు. ఎలా ఉండేదో చూడాలంటే దీన్‌దయాళ్ ఫొటోలే దిక్కు.

చీకటి గదిలో అంత చీకటేం లేదు!

ఇక అసలు సంగతికొద్దాం. ఆ రోజుల్లో ఫొటో తియ్యడమంటే చిన్న పని కాదు. గాజు పలకమీద కలోడియన్ అనే జిగురు పోసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడగాలి. ఊరవతల గుడి ఫొటో తియ్యాలన్నా చీకటి డేరా వెంట తీసుకెళ్లాల్సిందే. కానీ ఆ డేరాలో కటిక చీకటి ఉండేది కాదు. పసుపుపచ్చ, నారింజ రంగు గుడ్డలోంచో అద్దంలోంచో వెలుతురు రానిచ్చేవారు.

ఎందుకంటారా? సూర్యకాంతిలో ఏడు రంగులున్నాయి కదా. నాటి వెండి లవణాలకి అందులో నీలం, ఊదా రంగులూ, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలూ తగిలితేనే చలనం. పసుపూ ఎరుపూ వాటికి దాదాపు చీకటితో సమానం. అందుకే పనివాళ్ల కళ్లకి కనిపిస్తూ, పలక కంటికి కనిపించని వెలుతురు దొరికింది. తర్వాత వచ్చిన జెలటిన్ పొడి పలకలు చాలా చురుకైనవి. వాటికి పసుపు చాలలేదు, ఎర్ర దీపం కావలసివచ్చింది. సినిమాల్లో ఫొటోస్టూడియో అనగానే ఎర్రలైటు చూపించేది అందుకే.

కాగితం మీద అచ్చు వేసే పద్ధతి ఇంకా చిత్రమైంది. దీన్‌దయాళ్ ఫొటోలు ఎక్కువగా ఆల్బుమెన్ ప్రింట్లు. ఆల్బుమెన్ అంటే కోడిగుడ్డు తెల్లసొన. ఉప్పు కలిపిన తెల్లసొన కాగితానికి పట్టించి, ఆరాక సిల్వర్ నైట్రేట్ మీద తేలిస్తే అది వెలుతురుకి నల్లబడే కాగితమవుతుంది. దానిమీద గాజు నెగెటివ్ పెట్టి, చట్రంలో బిగించి ఎండలో పెట్టాలి. మధ్యమధ్యలో నీడలోకి తెచ్చి, చట్రం వెనక సగం తలుపు తెరిచి, ఎంత నల్లబడిందో చూడాలి. అప్పడాలు ఎండాయో లేదో తిప్పి చూసినట్టే! తర్వాత బంగారు లవణంతో రంగు దిద్ది, హైపోలో కడిగేవారు. ఈ కాగితాన్ని సిద్ధం చెయ్యడానికి మసక పసుపు వెలుతురున్న గది చాలు.

గోడ చూపులకి, అద్దం వెలుతురుకి

నన్ను ఆయన దగ్గర కట్టిపడేసింది మాత్రం 1892 నాటి సంగతి. పరదా పాటించే స్త్రీలు మగవాళ్ల ముందుకొచ్చి ఫొటో దిగేవారు కాదు. వాళ్ల కోసం దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. దాని బాధ్యత మిసెస్ కెనీ లెవిక్ అనే ఆంగ్లేయ మహిళకి అప్పగించారు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల పనిచేసేవాళ్లంతా ఆడవాళ్లే.

ఆనాటి స్టూడియోలకి కరెంటు దీపాలు లేవు. పగటి వెలుతురే ఆధారం. బయటి చూపులు రాకూడదు, వెలుతురు మాత్రం రావాలి. చీకటి గదికున్న సూత్రమే ఇక్కడా పనిచేసింది: దేన్ని ఆపాలో తెలిస్తే చాలు, అన్నిటినీ ఆపక్కర్లేదు. కెమెరా ముందు కూర్చున్న బేగములకి తమ రూపం కాగితం మీద దక్కింది. కెమెరా వెనక ఆడవాళ్లకి ఒక పని దక్కింది.

మా వాడకట్టులో ఒకమ్మాయి ఫొటోగ్రఫీ నేర్చుకుంటానంటే, చీకటి గదిలో ఆడపిల్లకేం పని అని ఇంట్లోవాళ్లు మాన్పించారు. నూరేళ్ల కిందటే ఈ ఊళ్లో ఆ తలుపు తెరిచి ఉందని వాళ్లకెవరు చెప్పాలి?

1896లో బొంబాయిలోనూ స్టూడియో పెట్టిన దీన్‌దయాళ్, 1904లో కొడుకు ధరమ్‌చంద్‌ని పోగొట్టుకున్నారు. మరుసటేడే, 1905 జులైలో ఆయనా కన్నుమూశారు. ఇంకో కొడుకు జ్ఞాన్‌చంద్ స్టూడియోని నడిపారు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. 2006లో తపాలాశాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

మరి మన గదిలో ఏ దీపం?

పాత పద్ధతుల్లో మొదట నేర్చుకోవడానికి తేలికైంది సైనోటైపు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టారు. మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ అనే మహిళ ఈ నీలి ప్రింట్లతో సముద్రపు నాచుల పుస్తకం మొదలుపెట్టారు. దీనికి గది సిద్ధం చేసుకోవడం ఇలా:

* ట్యూబులైటు ఆర్పెయ్యండి. తక్కువ వాట్ల పసుపు వెలుతురు బల్బు, పని బల్లకి ఐదారు అడుగుల దూరంలో ఉంచండి. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగోవంతుకి తగ్గుతుంది.

* కిటికీకి మందపాటి పసుపు లేదా కావిరంగు పరదా వెయ్యండి. మందు పూసిన కాగితాన్ని మాత్రం చీకట్లోనే ఆరబెట్టండి.

* మామూలు నలుపు తెలుపు ఫొటోపేపరుకి పసుపు పనికిరాదు, దానికోసం తయారైన ఎర్ర సేఫ్‌లైటు కావాలి. కలర్ ఫిల్మ్‌కి ఏ దీపమూ పనికిరాదు.

* ఏ బల్బునైనా రూపాయి బిళ్లతో పరీక్షించండి. మందు పూసి ఆరిన కాగితం ముక్కమీద బిళ్ల పెట్టి, ఆ దీపం కింద పావుగంట ఉంచి, నీళ్లలో కడగండి. కాగితమంతా ఒకేలా తెల్లగా తేలితే ఆ దీపం మంచిది. చుట్టూ నీలం పట్టి, బిళ్ల ఉన్నచోట తెల్లటి చుక్క కనిపిస్తే బల్బు మార్చాలి, లేదా దూరం జరపాలి.

* చేతులకి తొడుగులు తప్పనిసరి. సిల్వర్ నైట్రేట్ వాడే పద్ధతుల్లో కళ్లద్దాలు కూడా పెట్టుకోవాలి. అది కంట్లో పడితే ప్రమాదం. వంటగిన్నెలూ, పిల్లల చేతులూ వీటి దరిదాపుల్లో ఉండకూడదు.

అన్నట్టు, మీ హాల్లో తాతమ్మల కాలం నాటి ఫొటో కిటికీ ఎండ పడేచోట వేలాడుతుంటే ఇవాళే తీసి నీడకి మార్చండి. దాన్ని పుట్టించిన ఎండే దాన్ని వెలిసిపోయేలానూ చేస్తుంది.