భిలాయ్ ఇనుము వెనక ఒక డేరా: ప్రమథనాథ్ బోస్ అడవి నుంచి పంపిన కబురు ఏమైంది?

భిలాయ్‌లోని మరోదా స్టేషన్ పెద్దదేమీ కాదు. దుర్గ్ నుంచి దల్లి రాజహరా వెళ్లే లైనులో మొదట్లోనే వస్తుంది. ఉక్కు కర్మాగారానికి కావాల్సిన ఎర్రటి ఇనుప ఖనిజం ఈ దారినే వస్తుంది.

భిలాయ్‌లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన తాతల తరం ఈ ఖనిజాన్ని కరిగించే పనిలో చేరింది. మనవళ్లు ఇక్కడే పుట్టి పెరిగారు.

అయితే, ఈ ఖనిజం అక్కడ ఉందని మొదట కాగితం మీద పెట్టిన మనిషి గురించి ఈ ఊళ్లో పెద్దగా మాట్లాడుకోరు. ఆయన పేరు ప్రమథనాథ్ బోస్. జంషెడ్‌పూర్ చరిత్రలో ఆయనకు గౌరవ స్థానం ఉంది. కానీ, ఆయన కథలో భిలాయ్ వంతు అంతకన్నా ముందే మొదలైంది.

ఇప్పుడు ఎడారికో, అడవికో జీపులో వెళ్లి గుడారం వేసుకునే వాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే. అక్కడ సిగ్నల్ ఉంటుందా? బోస్ తన ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం సిగ్నల్ అనే మాటే లేని చోట్ల డేరాల్లో గడిపారు. అక్కడి నుంచి ఆయన పంపిన కబుర్లు ఎవరికి చేరాయి, ఎంత ఆలస్యంగా చేరాయి అన్నదే ఈ కథ.

నదియా నుంచి లండన్ దాకా

బోస్ 1855 మే 12న బెంగాల్‌లోని నదియా జిల్లా, గైపూర్ గ్రామంలో పుట్టారు. కృష్ణనగర్‌లోనూ, తర్వాత కలకత్తాలోని సెయింట్ జేవియర్స్ కాలేజీలోనూ చదువుకున్నారు. 1874లో గిల్‌క్రిస్ట్ స్కాలర్‌షిప్ రావడంతో లండన్ వెళ్లారు.

లండన్ విశ్వవిద్యాలయంలో సైన్సు పట్టా, ఆ తర్వాత రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో శిక్షణ పూర్తి చేశారు. శివాలిక్ కొండల్లో దొరికిన మాంసాహార జంతువుల శిలాజాలపై ఆయన రాసిన వ్యాసం 1880లో లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు.

అదే ఏడాది ఆయన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరారు. అంతకుముందు ఆ శాఖలో భారతీయులు కింది స్థాయి ఉద్యోగాల్లోనే ఉండేవారు. గ్రేడెడ్ అధికారి హోదాలో అడుగుపెట్టిన తొలి భారతీయుడు బోసే.

1882లో ఆయనకు కమలతో పెళ్లయింది. ఆమె తండ్రి రమేశ్ చంద్ర దత్. బ్రిటిష్ పాలనలో దేశం ఎలా పేదదైందో లెక్కలతో రాసిన ఆర్థిక చరిత్రకారుడు ఆయనే.

డేరా, ఎడ్లబండి, టపా

ఆ రోజుల్లో సర్వే అధికారి ఏడాది రెండు ముక్కలుగా ఉండేది. వర్షాలు తగ్గి, నేల ఆరాక బయల్దేరాలి. ఎండలు ముదిరే వరకు ఊరూరా తిరుగుతూ రాళ్లను పరిశీలించాలి. వానాకాలం కలకత్తాలో కూర్చుని నివేదిక రాయాలి.

సామాను ఎడ్లబండ్ల మీద, బండి వెళ్లని చోట కూలీల తలల మీద వెళ్లేది. సుత్తి, దిక్సూచి, రాతి పొరల వాలు కొలిచే పరికరం, భూతద్దం, సర్వే పటాలు ఉంటే పని నడిచేది. డేరా ఎక్కడ వేయాలన్నది నీళ్లను బట్టి తేలేది. గ్రామం దగ్గరైతే తిండిగింజలు దొరుకుతాయి, దారి చూపే మనిషి దొరుకుతాడు.

అన్నిటికన్నా పెద్ద భయం జ్వరం. మలేరియా దోమ వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897లో. అప్పటిదాకా అడవిలో డేరా వేసిన వాళ్లు చెడుగాలిని తిట్టుకుంటూ క్వినైన్ మింగారు.

ఇక కబురు సంగతి. టెలిగ్రాఫ్ తీగ పెద్ద ఊళ్లను, రైలు మార్గాలను అంటిపెట్టుకుని ఉండేది. నాగపూర్ నుంచి వచ్చిన రైలు 1880ల్లో రాజనందగావ్ దగ్గరే ఆగిపోయింది. దాన్ని దాటి అడవిలోకి వెళ్తే మిగిలేది టపా ఒక్కటే. రన్నరు సంచి భుజాన వేసుకుని కొంత దూరం పరిగెత్తి, తర్వాతి రన్నరుకు అందించేవాడు.

డేరా నుంచి మనిషిని దగ్గర్లోని పోస్టాఫీసుకు పంపాలి. అక్కడ ఉత్తరం ఇచ్చి, వచ్చినవి తీసుకుని అతను తిరిగి వచ్చేసరికి డేరా ఇంకో చోటికి మారి ఉండొచ్చు. అందుకే తర్వాతి మజిలీ ఎక్కడో ముందుగా చెప్పి ఉంచడం పనిలో భాగం. ఇప్పటికీ రిమోట్ ప్రాంతాలకు వెళ్లే వాళ్లకు నిపుణులు ఇచ్చే మొదటి సలహా ఇదే: ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఒకరికి చెప్పి వెళ్లండి.

రాళ్ల నమూనాలకు నంబర్లు వేసి, మూటగట్టి కలకత్తా పంపేవారు. అక్కడ పరీక్ష జరిగాకే రాయిలో ఏముందో తేలేది.

దల్లి, రాజహరా కొండలు

బోస్ తొలి పెద్ద పని నర్మద లోయ దిగువ భాగంలో జరిగింది. ఆ తర్వాత ఆయన ఛత్తీస్‌గఢ్ వచ్చారు.

ఆ సమయంలో ఈ ప్రాంతంపై దృష్టి పెట్టిన మరో అధికారి విలియం కింగ్. తెలుగువారికి ఈయన పరాయివాడు కాదు. కడప, కర్నూలు రాతి పొరలను పరిశీలించి గ్రంథం రాసింది, 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించింది ఆయనే. సింగరేణిలో ఒక బొగ్గు పొరను ఇప్పటికీ కింగ్ సీమ్ అనే అంటారు. 1887లో కింగ్ సర్వే డైరెక్టర్ అయ్యారు.

అదే 1887లో రాయపూర్ పశ్చిమ భాగంలోని ఇనుప పరిశ్రమపై బోస్ రాసిన నివేదిక సర్వే రికార్డుల్లో అచ్చయింది. అప్పటికి దుర్గ్ జిల్లా లేదు. అది 1906లో ఏర్పడింది. దల్లి, రాజహరా కొండలు దౌండీ లోహారా జమీందారీలో ఉండేవి.

ఆ నివేదిక దేని గురించో గమనించాలి. అది ఇనుప కొండల గురించి మాత్రమే కాదు, ఇనుప పరిశ్రమ గురించి. అంటే బోస్ రాకముందే అక్కడ ఇనుము తయారవుతోంది. మధ్య భారతంలో అగరియాలు, ఇతర కమ్మరి కులాల వాళ్లు మట్టితో చిన్న కొలిమి కట్టి, కాళ్లతో తిత్తులు తొక్కి, కట్టెబొగ్గుతో ఖనిజాన్ని కరిగించేవారు. నాగలి కర్రు, గొడ్డలి ఆ ఇనుముతోనే తయారయ్యేవి.

ఏ కొండ రాయి మంచిదో వాళ్లకు తరాలుగా తెలుసు. ఆ సంగతి గ్రామం దాటి బయటకు వెళ్లే దారి మాత్రం లేదు. బోస్ చేసింది ఆ దారి వేయడం. కొలిమి దగ్గర తెలిసిన విషయం పటం మీదికి, అక్కడి నుంచి కలకత్తా అచ్చు పుస్తకంలోకి చేరింది.

మ్యూజియంలో దొరికిన పటం

అచ్చయిన ఆ కబురును పదిహేనేళ్లకు పైగా ఎవరూ పట్టించుకోలేదు.

1903-04 ప్రాంతంలో జంషెట్‌జీ టాటా కుమారుడు దొరాబ్‌జీ, అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త సి.ఎం. వెల్డ్ ఉక్కు కర్మాగారానికి తగిన ఖనిజం కోసం చాందా జిల్లాలో వెతికి నిరాశపడ్డారు. ప్రయత్నం మానుకుంటున్నట్టు అధికారులకు చెప్పడానికి నాగపూర్ వెళ్లిన దొరాబ్‌జీ, పక్కనే ఉన్న మ్యూజియంలోకి ఊరికే తొంగిచూశారు.

అక్కడ గోడకు సెంట్రల్ ప్రావిన్సెస్ భూగర్భ పటం ఉంది. ఇనుము ఉన్నట్టు తెలిపే రంగు దుర్గ్ వైపు కొట్టొచ్చినట్టు కనిపించింది. దాంతో ఇద్దరూ దల్లి రాజహరా వెళ్లారు. కొండ ఎక్కుతుంటే కాళ్ల కింద ఉన్నది రాయి కాదు, దాదాపు ఇనుమే అనిపించేంత మేలైన ఖనిజం.

అయినా కర్మాగారం అక్కడికి రాలేదు. ఉక్కుకు ఖనిజం ఒక్కటే చాలదు. బొగ్గు, నీళ్లు, రైలు అందుబాటులో ఉండాలి. దల్లి రాజహరాకు ఆనాడు అవేవీ దగ్గరగా లేవు.

రాజీనామా, ఒక ఉత్తరం

ఈలోగా బోస్ జీవితం మలుపు తిరిగింది. దార్జిలింగ్ బొగ్గు, సిక్కిం ఖనిజాలు, జబల్‌పూర్ మాంగనీస్, బర్మా దక్షిణ తీరం... 23 ఏళ్లు ఆయన తిరగని చోటు లేదు. 1903లో డైరెక్టర్ పదవి ఖాళీ అయినప్పుడు దాన్ని థామస్ హాలండ్‌కు ఇచ్చారు. హాలండ్ సర్వేలో చేరింది 1890లో. అంటే బోస్ కన్నా పదేళ్లు జూనియర్.

బోస్ రాజీనామా చేశారు. మయూర్‌భంజ్ సంస్థానంలో చేరి, గోరుమహిసాని కొండల్లో భారీ ఇనుప నిక్షేపాలను గుర్తించారు.

ఈసారి కబురును రికార్డుల్లో వదిలేయలేదు. 1904 ఫిబ్రవరి 24న నేరుగా జంషెట్‌జీ టాటాకు ఉత్తరం రాశారు. బెంగాల్ బొగ్గు ఆ కొండలకు దగ్గర. ఉత్తరం చేరిన కొద్ది నెలలకే, మే 19న జంషెట్‌జీ కన్నుమూశారు. కానీ, ఆయన వారసులు ఆ ఉత్తరాన్ని వదల్లేదు. 1907 ఆగస్టు 26న టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. సాక్చీ అనే పల్లె జంషెడ్‌పూర్ అయింది.

దల్లి రాజహరా విషయంలో పదిహేనేళ్లకు పైగా పట్టిన పని, గోరుమహిసాని విషయంలో నాలుగేళ్లలోపే ఎలా జరిగింది? బొగ్గు దగ్గరుండటం ఒక కారణం. కబురు అందాల్సిన మనిషికే అందడం మరో కారణం.

రాళ్లకు అవతల

బోస్ రాళ్లకే పరిమితం కాలేదు. బ్రిటిష్ పాలనలో హిందూ నాగరికతపై 1890ల్లో మూడు సంపుటాల గ్రంథం రాశారు. సాంకేతిక విద్య లేకుండా పరిశ్రమలు రావని ఏళ్ల తరబడి వాదించారు. 1906లో స్వదేశీ ఉద్యమ కాలంలో మొదలైన బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి గౌరవ ప్రిన్సిపల్ ఆయనే. ఆ సంస్థే తర్వాతి కాలంలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి పునాది అయింది.

చివరి దశలో రాంచీలో స్థిరపడ్డారు. 1934లో చనిపోయారు. ఆయన కుమారుడు మధు బోస్ సినిమా దర్శకుడిగా పేరు తెచ్చుకున్నారు.

భిలాయ్‌ను మాత్రం బోస్ చూడలేదు. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955లో. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. 1887 నాటి నివేదికకు అప్పటికి 72 ఏళ్లు.

ఇప్పుడు రాజహరాలో మేలైన ఖనిజం తరిగిపోతోంది. అందుకే దల్లి రాజహరా నుంచి రావ్‌ఘాట్ వైపు అంతాగఢ్, తాడోకీ మీదుగా రైలు మార్గాన్ని అడవిలోకి పొడిగిస్తున్నారు. బస్తర్ అంచున ఉన్న ఆ పల్లెల్లో గని వస్తే భూమి, అడవి ఏమవుతాయన్న ప్రశ్న ఉంది. భిలాయ్‌లో కొలువుల మీద బతికే కుటుంబాలకు ఖనిజం రాకపోతే ఏమవుతుందన్న ప్రశ్న ఉంది.

ఆనాడు కొలిమి దగ్గరి మనిషికి తెలిసింది పటం మీదికి ఎక్కింది. కానీ, ఆ మనిషి పేరు ఎక్కలేదు. రావ్‌ఘాట్ నుంచి వచ్చే ఖనిజం కూడా మరోదా మీదుగానే వెళ్తుంది. అక్కడి పల్లెల మాట కూడా ఈసారి అదే దారిలో ప్రయాణిస్తుందా, లేక మళ్లీ ఖనిజం ఒక్కటే వస్తుందా అన్నది చూడాల్సి ఉంది.