నథాన్ కాబ్

భద్రాచలపు అడవి అంచున పచ్చని చెట్టు నిలువున ఎండినచో జనులు చెదలనో, మ్రాను తొలుచు పురుగునో నిందింతురు. కంటికి కానరాని నులిపురుగులును చెట్టును కూల్చగలవని చూపినవారిలో నథాన్ అగస్టస్ కాబ్ ముఖ్యుడు.

ఆయన 1859లో అమెరికాలోని స్పెన్సర్ అను ఊర జన్మించెను. జర్మనీలో చదివి, ఆస్ట్రేలియాలో పైరుల తెగుళ్ళను పరిశోధించి, 1907లో అమెరికా వ్యవసాయశాఖలో చేరెను.

ఆ కాలమున కరీబియన్ సముద్రమందలి గ్రెనడా ద్వీపములో కొబ్బరిచెట్లు, ఆకులు పసుపువారి, కొద్దినెలలకే చచ్చుచుండెను. కాయలే ఆధారముగాగల రైతునకు ఇది చిన్న కష్టము కాదు. మ్రానును అడ్డముగ కోసినచో లోపల ఎఱ్ఱని వలయము కనబడెడిది. అందు వెండ్రుకకంటె సన్నని పురుగులు, ఇంచుమించు మిల్లీమీటరు పొడవుగలవి, కిక్కిరిసియుండెను. కాబ్ 1919లో వాటిని వర్ణించి పేరిడెను. వాటిని చెట్టునుండి చెట్టునకు మోయునది ముక్కుపురుగని తరువాతివారు కనుగొనిరి.

కాబ్ 1932లో మరణించెను. తెగులు సోకిన చెట్టును నేటికిని బ్రతికింపలేరు; దానిని నరికి కాల్చినగాని తోట దక్కదు.