హన్నా ఆరెంట్ దాచుకున్న కవితలు

రాజనీతి తత్త్వచింతనలో హన్నా ఆరెంట్ పేరు సుప్రసిద్ధం. ఆమె కవితలు వ్రాసిన సంగతి మాత్రం జీవితకాలంలో సన్నిహితులు దాటి తెలియలేదు.

1906లో జర్మనీలోని హానోవర్ సమీపాన ఒక యూదు కుటుంబంలో జన్మించిన ఆరెంట్, విద్యార్థి దశలోనే కవితలు వ్రాసి, 1926 ప్రాంతాన విరమించారు. 1933లో హిట్లర్ పాలన ఆమెను దేశం విడిచిపోయేటట్లు చేసింది. పారిస్‌లో ప్రవాసం, 1940లో గూర్స్ శిబిరంలో నిర్బంధం, 1941లో న్యూయార్క్. ఇన్ని తావులు మారినా ఆ తొలి కవితలు పోగొట్టుకోలేదు. 1942లో మరల కలం పట్టారు. అప్పటి కవితలలో ఒకటి, 1940లో స్పెయిన్ సరిహద్దున ఆత్మహత్య చేసుకున్న మిత్రుడు వాల్టర్ బెన్యమిన్‌ను గూర్చినది.

ఇందు విశేషం భాష. నిరంకుశాధిపత్యాలపై 1951లో వెలువరించిన ఉద్గ్రంథం ఆంగ్లంలో ఉన్నది. అది అమెరికా చేరిన పిదప పట్టుబడిన భాష. కవితలు మాత్రం జర్మన్‌లోనే. తమవారిని హతమార్చినవారి భాష కూడ అదే కదా! అయినను నేరం భాషది కాదని 1964 నాటి ఒక టెలివిజన్ సంభాషణలో ఆమె స్పష్టం చేశారు. కవితలుగా అవి మహోన్నతములని చెప్పజాలము, చిన్నవి, మితభాషులు. ఆమె వాటిని అచ్చుకు ఇవ్వలేదు. 1975లో మరణించిన నలుబది ఏండ్లకు, 2015లో, జర్మనీలో గ్రంథరూపం దాల్చినవి.