గుడి గోడలను పుస్తకాలకెక్కించిన ట్రైప్

కృష్ణగిరి జిల్లాలోని రాయకోట మన పాఠకుల్లో చాలామందికి తెలిసిన ఊరే. నూట అరవై ఏళ్లకు ముందే ఆ ఊరిని ఫొటోలు తీసి పుస్తకంగా తెచ్చినవారు లిన్నేయస్ ట్రైప్. దక్షిణాది కట్టడాల తొలి ఫొటోల గురించి చెప్పాలంటే ముందు ఆయన పేరే చెప్పాలి.

ట్రైప్ 1822లో ఇంగ్లండులోని డెవన్‌పోర్టులో పుట్టారు. 1838లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరారు. సెలవు మీద స్వదేశం వెళ్లినప్పుడు ఫొటోగ్రఫీ నేర్చుకున్నారు. తిరిగొచ్చాక 1854లో హళేబీడు, బేలూరు శిల్పాలను చిత్రించారు. ఆ పనితనం చూసి ప్రభుత్వం 1855లో ఆయనను బర్మాకు పంపింది. మరుసటి ఏడాది మద్రాసు ప్రెసిడెన్సీ ఫొటోగ్రాఫరుగా నియమించింది.

అప్పట్లో ఫొటో తీయడం తేలిక కాదు. మైనం పట్టించిన కాగితమే నెగెటివు. ఎండలోనూ చాలాసేపు కెమెరా కదలకుండా ఉండాలి. ఆకాశం వెలవెలబోతే ట్రైప్ నెగెటివు మీద మేఘాలను చేత్తో దిద్దేవారు. 1857 డిసెంబరు నుంచి కొన్ని నెలల పాటు సామగ్రితో శ్రీరంగం, తిరుచ్చి, తంజావూరు, పుదుక్కోట, మదురై తిరిగారు. 1858లో ఆ ఫొటోలు సంపుటాలుగా వచ్చాయి. అసలు ఫొటోలనే పుటలకు అంటించి, వాటికి వివరణలు జోడించారు.

తంజావూరు బృహదీశ్వరాలయం పీఠం చుట్టూ ఉన్న శాసనాలను ముక్కలు ముక్కలుగా తీసి, 21 ఫొటోలను వరుసగా అతికించారు. ఆ పట్టీ పొడవు దాదాపు 19 అడుగులు. మదురైలో తెలుగు మూలాలున్న తిరుమల నాయకుడు కట్టించిన మహలు అప్పటికి శిథిలావస్థలో ఉంది. తర్వాత మరమ్మతులు జరిగాయి. మరమ్మతుకు ముందు అదెలా ఉండేదో ఆ ఫొటోలే చెబుతాయి. అమరావతి శిల్పాలనూ ఆయన మద్రాసు మ్యూజియంలో ఫొటోలు తీశారు. మరుసటి ఏడాదే, 1859లో, వాటిని ఓడకెక్కించి లండనుకు పంపారు.

అదే ఏడాది గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ ఇది దండగ ఖర్చని ఫొటోల పని ఆపించారు. ట్రైప్ మళ్లీ సైనిక విధుల్లోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత కెమెరా పట్టింది బహు తక్కువ. 1902లో పుట్టిన ఊళ్లోనే కన్నుమూశారు. ఆనాడు దండగ అనిపించిన పుస్తకాలు నేడు పెద్ద పెద్ద మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి.

మన బడుల చుట్టూ కూడా పాత గుళ్లు, సత్రాలు, మండువా ఇళ్లు ఉన్నాయి. కొన్నింటి మీద తెలుగు అక్షరాలూ ఉంటాయి. సున్నం కొట్టేలోపు, కూల్చేలోపు పిల్లలతో వాటిని ఫోనులోనైనా తీయించండి. ఒక్కో ఫొటో కింద ఆ కట్టడం ఎక్కడుందో, ఎవరు కట్టించారని పెద్దలు చెబుతారో తెలుగులో నాలుగు వాక్యాలు రాయించండి. ఏడాది చివరికి కుట్టి చూస్తే అదొక పుస్తకమవుతుంది. రేపు ఆ గోడ లేకపోయినా, బడి బీరువాలో ఆ పుస్తకం ఉంటుంది.