రాజముద్ర ఉన్న కాగితం

సముద్రపు దొంగ అనగానే మన కళ్ల ముందు ఒక రూపం కదులుతుంది. ఒక కాలికి కర్ర, భుజం మీద చిలక, చేతిలో నిధికి దారి చూపే పటం. ఈ రూపాన్ని మనకు అలవాటు చేసింది చరిత్ర కాదు. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1883లో పుస్తకంగా తెచ్చిన ‘ట్రెజర్ ఐలండ్’ నవల, ఆ తర్వాత వచ్చిన సినిమాలు. నిజమైన సముద్రపు దొంగల్లో నిధిని పాతిపెట్టినవాళ్లు చాలా అరుదు. చేతికొచ్చిన సొమ్ము పంచుకుని, మొదటి రేవులోనే తాగి, జూదమాడి పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. బందీలను చెక్క పలక మీద నడిపించి సముద్రంలో పడేశారన్న కథకూ ఆ కాలపు రికార్డుల్లో ఆధారాలు దాదాపు లేవు.

అయితే పాతిపెట్టిన నిధి కథలకు ఎక్కువగా ఊపిరి పోసిన మనిషి ఒకడున్నాడు. అతడే కెప్టెన్ విలియం కిడ్. మూడు వందల ఏళ్లుగా అతడి పేరు చెబితే క్రూరుడైన దొంగ, అంతులేని బంగారం గుర్తొస్తాయి. అసలు కిడ్ జీవితం చదివితే కనిపించేది వేరు. ఒక ఇల్లు, భార్యాపిల్లలు, సంఘంలో గౌరవం ఉన్న మనిషి అడుగు అడుగునా ఎలా జారిపోయాడో అందులో ఉంది. అందుకే ఆ జీవితం విశ్వాసులకు కూడా ఒక హెచ్చరిక.

కిడ్ స్కాట్లాండ్‌లోని డండీ పట్టణంలో 1654 ప్రాంతంలో పుట్టాడు. అతడు గ్రీనాక్‌లోని ఒక పాస్టరు కొడుకని చాలాకాలం చెప్పుకున్నారు. కానీ తాను డండీలో పుట్టినట్టు అతడే కోర్టులో చెప్పిన రికార్డు ఉంది. 1689లో కరీబియన్ సముద్రంలో ఇంగ్లండ్ పక్షాన ఫ్రెంచివారితో పోరాడి మంచి పేరు తెచ్చుకున్నాడు. 1690లో అతడు ఒడ్డున ఉన్న సమయంలో సొంత నావికులే ఓడను, అందులోని అతడి డబ్బును ఎత్తుకుపోయారు. వాళ్లలో రాబర్ట్ కలిఫర్డ్ ఒకడు. ఈ పేరు గుర్తుంచుకోండి.

1691లో కిడ్ న్యూయార్క్ చేరాడు. అక్కడి గవర్నరుకు తిరుగుబాటు అణచడంలో సాయపడినందుకు నూట యాభై పౌండ్ల బహుమానం అందుకున్నాడు. సారా అనే సంపన్న వితంతువును పెళ్లాడాడు. ఇద్దరు కూతుళ్లు పుట్టారు. 1696లో ఆ ఊళ్లో ట్రినిటీ చర్చి కడుతుంటే బరువైన రాళ్లు పైకి లేపడానికి తన ఓడలోని గిలకలు, మోకులు ఇచ్చాడు. ఇప్పటికీ ఆ సంఘం తన చరిత్రలో ఈ విషయం చెప్పుకుంటుంది. గుడి కట్టడానికి చేయి అందించిన ఆ మనిషి అయిదేళ్లు తిరగకముందే ఉరికంబం ఎక్కాడు.

అతడి కథ మలుపు తిరిగింది 1695లో. ఆ ఏడాది హెన్రీ ఎవ్రీ అనే ఆంగ్ల సముద్రపు దొంగ మన దేశపు పడమటి తీరానికి చేరువలో ఔరంగజేబు చక్రవర్తికి చెందిన గంజ్-ఇ-సవాయి ఓడను దోచుకున్నాడు. అందులో మక్కా నుంచి తిరిగి వస్తున్న యాత్రికులున్నారు. వాళ్లు పడిన హింస చరిత్రలో నమోదైంది. మొగలు అధికారులు కోపంతో సూరత్‌లోని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులను నిర్బంధించారు. సముద్రపు దొంగలను పట్టుకుంటామని ఇంగ్లండ్ చెప్పుకోవాల్సి వచ్చింది.

అదే సమయంలో కిడ్ లండన్‌లో ఉన్నాడు. బెల్లమాంట్ ప్రభువు, మరికొందరు పెద్దలు కలిసి అతడికి ఒక ఓడ సమకూర్చారు. దాని పేరు అడ్వెంచర్ గ్యాలీ. 34 ఫిరంగులు, తెరచాపలతో పాటు తెడ్లు కూడా ఉన్న ఓడ అది. దొంగలను, ఫ్రెంచి ఓడలను పట్టుకోవాలి, దొరికిన సొమ్ములో వాటాలు పంచుకోవాలి. ఇదీ ఒప్పందం. పెట్టుబడి పెట్టినవాళ్లలో ఆర్ఫర్డ్, సోమర్స్, ష్రూస్‌బరీ, రామ్నీ వంటి రాజ్యంలోని మహా పెద్దలున్నారు. వాళ్ల పేర్లు మాత్రం బయటికి రాలేదు. రాజైన మూడవ విలియంకు పదో వంతు వాటా. 1696 జనవరిలో రాజముద్రతో అధికార పత్రం కిడ్ చేతికి వచ్చింది. ఓడలో పనివాళ్లకు జీతం లేదు. ఏదైనా దొరికితేనే వాటా, లేకపోతే ఖాళీ చేతులు.

ఇక్కడే పాపం బీజం పడింది. ఆకలితో ఉన్న నూట యాభై మందిని ఎక్కించుకుని, దోపిడీ మీదే ఆధారపడిన ప్రయాణాన్ని న్యాయం పేరుతో మొదలుపెట్టారు. పట్టుకోవాల్సిన దొంగ దొరకకపోతే ఏం జరుగుతుందో ఒక్కరూ ఆలోచించలేదు.

దొంగలు దొరకలేదు. 1697లో ఆఫ్రికా తూర్పున కొమొరో దీవుల దగ్గర రోగాలతో దాదాపు యాభై మంది చనిపోయారు. ఓడకు చిల్లులు పడ్డాయి. ఆగస్టులో కిడ్ ఎర్ర సముద్రపు ముఖద్వారం దగ్గర మొకా నుంచి వచ్చే యాత్రికుల ఓడల కోసం కాపు వేశాడు. ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి అతడిని తరిమేసింది. దొంగలను పట్టడానికి వచ్చినవాడు దొంగలు కూర్చునే చోటే కూర్చున్నాడు. తర్వాత మలబారు తీరంలో ఒక చిన్న ఓడను ఆపి, దాని కెప్టెన్‌ను బలవంతంగా తన ఓడలో ఉంచుకున్నాడు. ఆ ఓడలోని కొందరిని అతడి మనుషులు కొట్టి డబ్బు ఎక్కడుందని అడిగారు.

అక్టోబరు 30న ఫిరంగుల పని చూసే విలియం మూర్‌కు, కిడ్‌కు మాటా మాటా పెరిగింది. కిడ్ కోపంతో ఇనుప పట్టీలున్న బకెట్ ఎత్తి మూర్ తల మీద కొట్టాడు. మరునాడు మూర్ చనిపోయాడు. కిడ్ మీద వచ్చిన కథల్లో బంగారం గురించి ఎంతో ఉంది గానీ ఈ మూర్‌ను గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. దేవుని లెక్కలో మాత్రం ముందు వచ్చేది పోయిన బంగారం కాదు, పోయిన ప్రాణం. కయీను కథలో నేల నుంచి మొరపెట్టింది హేబెలు రక్తమే కదా.

1698 జనవరి 30న కొచ్చిన్ తీరానికి దగ్గర్లో ‘క్వేదా మర్చంట్’ అనే పెద్ద ఓడ కిడ్‌కు చిక్కింది. బెంగాల్ నుంచి సూరత్ వెళ్తున్న ఆ ఓడలో పట్టు, మస్లిన్, చక్కెర, నల్లమందు, సురేకారం, ఇనుము ఉన్నాయి. సరుకు ఆర్మేనియా వర్తకులది. కొంత వాటా మొగలు దర్బారులోని ఒక పెద్దది. కిడ్ ఫ్రెంచి జెండా ఎగరేసి మోసం చేయగా, ఓడవాళ్లు తమ దగ్గరున్న ఫ్రెంచి పాసు చూపించారు. ఆ రోజుల్లో వర్తకులు రక్షణ కోసం రకరకాల దేశాల పాసులు దగ్గర పెట్టుకునేవారు. ఫ్రెంచి పాసు ఉంది కాబట్టి ఇది శత్రువు ఓడ, చట్టప్రకారం తనది అనుకున్నాడు కిడ్.

కానీ ఆ ఓడ కెప్టెన్ ఒక ఆంగ్లేయుడని తెలిసింది. ఈ ఓడను పట్టుకుంటే ఇంగ్లండ్‌లో గొడవ అవుతుంది, తిరిగి ఇచ్చేద్దామని తన మనుషులతో అన్నట్టు కిడ్ తర్వాత వాంగ్మూలం ఇచ్చాడు. వాళ్లు ఒప్పుకోలేదు. అతడు పట్టుబట్టలేదు. కిడ్ జీవితమంతటిలో అన్నిటికంటే విలువైన క్షణం ఇదేనని నాకనిపిస్తుంది. మనస్సాక్షి ఒకసారి మాట్లాడింది. చుట్టూ ఉన్నవాళ్లు వద్దన్నారు. జేబులో పాసు ఉంది, పెట్టెలో రాజముద్ర ఉన్న పత్రం ఉంది. అవి చాలనుకున్నాడు.

ఆ ఏడాది ఏప్రిల్‌లో మడగాస్కర్ దగ్గరి సెయింట్ మేరీ దీవికి చేరాడు. అక్కడ తన పాత శత్రువు కలిఫర్డ్ ఉన్నాడు, అచ్చమైన దొంగగా. ఎవరిని పట్టుకోవడానికి రాజు పంపాడో అలాంటివాడే ఎదురుగా ఉన్నాడు. కిడ్ అతడిని పట్టుకోలేదు. పైగా కిడ్ మనుషుల్లో ఎక్కువమంది కలిఫర్డ్ పక్షానికి వెళ్లిపోయారు. అడ్వెంచర్ గ్యాలీ పనికిరాకుండా పోయింది. మిగిలిన కొద్దిమందితో క్వేదా మర్చంట్‌లోనే వెనక్కి బయల్దేరాడు.

1699 ఏప్రిల్‌లో కరీబియన్ చేరేసరికి తనను దొంగగా ప్రకటించారని తెలిసింది. పెద్ద ఓడను అక్కడే వదిలి, చిన్న ఓడ కొనుక్కుని న్యూయార్క్ వైపు వచ్చాడు. దారిలో గార్డినర్స్ దీవిలో కొంత బంగారం, వెండి, పట్టు పాతిపెట్టాడు. పాతిన సంగతి ఆ దీవి యజమాని జాన్ గార్డినర్‌కు తెలుసు. అప్పటికి గవర్నరుగా వచ్చిన బెల్లమాంట్ ప్రభువు కొద్ది వారాల్లోనే దాన్ని తవ్వించి స్వాధీనం చేసుకున్నాడు. అంటే మూడు వందల ఏళ్లుగా జనం వెతుకుతున్న ‘కిడ్ నిధి’ ఆ వేసవిలోనే ప్రభుత్వం చేతికి వెళ్లిపోయింది. అతడి నుంచి తీసుకున్న సొమ్ములో కొంత తర్వాత గ్రీన్‌విచ్‌లోని నావికుల ఆసుపత్రికి ఇచ్చారు.

కిడ్ తన రక్షణ కోసం రెండు ఫ్రెంచి పాసులను బెల్లమాంట్‌కు అప్పగించాడు. ఓడలో వాటా పెట్టిన మనిషే తనను కాపాడతాడని నమ్మాడు. 1699 జూలైలో బోస్టన్‌లో ఆ బెల్లమాంటే అతడిని బంధించాడు. లండన్‌లో అప్పటికే రాజకీయాలు రగులుతున్నాయి. కిడ్ వెనక ఉన్న పెద్దలను పదవుల నుంచి దించాలని ప్రతిపక్షం చూస్తోంది. పెద్దలకు కిడ్ భారమయ్యాడు. 1701 మే 8, 9 తేదీల్లో విచారణ జరిగింది. మొదట మూర్ హత్య, తర్వాత దోపిడీలు. అతడితో పాటు తిరిగినవాళ్లలో ఇద్దరు క్షమాభిక్ష పొంది అతడి మీదే సాక్ష్యం చెప్పారు. ఫ్రెంచి పాసులు కావాలని కిడ్ అడిగాడు. అవి కోర్టుకు రాలేదు. రెండు శతాబ్దాల తర్వాత, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్ ప్రభుత్వ రికార్డుల్లోనే బయటపడ్డాయి. అవి ఆనాడు ఉంటే దోపిడీ నేరాల్లో కొంత వాదన నిలబడేది. మూర్ ప్రాణానికి మాత్రం ఏ పాసూ జవాబు కాదు.

పిలాతు నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కున్నాడు. కిడ్ వెనకున్న పెద్దలు ఆ పని కూడా చేయలేదు. లాభం వస్తుందనుకున్నప్పుడు వాటాదారులు, ప్రమాదం వచ్చినప్పుడు అపరిచితులు. దోపిడీలో ఓడ ఎక్కినవాడికి ఎంత వాటా ఉందో, ఇంట్లో కూర్చుని పెట్టుబడి పెట్టినవాడికి కూడా అంతే ఉంది. మన డబ్బు ఎక్కడ పని చేస్తోంది, ఎవరి కన్నీటి మీద వడ్డీ తెస్తోంది అని ఎప్పుడైనా అడుగుతున్నామా?

1701 మే 23న లండన్‌లోని వాపింగ్ రేవు దగ్గర కిడ్‌ను ఉరి తీశారు. న్యూగేట్ జైలు పాస్టరు పాల్ లోరైన్ ఆ చివరి గంటల గురించి రాసిపెట్టాడు. ఉరికంబం దగ్గరికి కిడ్ తాగి వచ్చాడు. మొదటిసారి తాడు తెగి కింద పడ్డాడు. మళ్లీ ఎక్కించేలోగా లోరైన్ నిచ్చెన ఎక్కి అతడితో మాట్లాడాడు. అప్పుడు అతడిలో మార్పు కనిపించిందని, పశ్చాత్తాపంతో, అందరినీ క్షమించి చనిపోయాడని ఆ పాస్టరు నమ్మాడు. అతడి దేహాన్ని తారు పూసి, ఇనుప గొలుసుల్లో థేమ్స్ నది ఒడ్డున వేలాడదీశారు. కలిఫర్డ్ మాత్రం ఉరి తప్పించుకున్నాడు.

ఆ కొద్ది నిమిషాల్లో కిడ్ హృదయంలో ఏం జరిగిందో దేవునికే తెలుసు. సిలువ మీద దొంగను చేర్చుకున్న ప్రభువుకు ఆ నిచ్చెన ఎత్తు కాదు. కానీ సిలువ మీది దొంగ దగ్గర తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. జక్కయ్యకు మిగిలింది. యేసు ఇంటికి వచ్చిన రోజే అతడు లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు ఇచ్చేస్తానన్నాడు. క్షమాపణ ఇద్దరికీ ఉచితమే. అయితే జక్కయ్య మారుమనస్సు వల్ల యెరికోలో మోసపోయిన కుటుంబాలు కూడా బాగుపడ్డాయి. కిడ్‌కు అలాంటి అవకాశం మలబారు తీరంలో వచ్చింది, ఓడ ఇచ్చేద్దామని నోటితో అన్న రోజున. ఉరికంబం మీద ఆ ఆర్మేనియా వర్తకులకు ఒక్క పట్టు తాను కూడా తిరిగి ఇవ్వలేకపోయాడు. మూర్‌ను లేపలేకపోయాడు.

2007లో డొమినికన్ రిపబ్లిక్ దగ్గర, కతలీనా దీవి తీరాన, లోతు లేని నీళ్లలో క్వేదా మర్చంట్ శిథిలాలను పరిశోధకులు గుర్తించారు. ఫిరంగులు, లంగర్లు అడుగున పడి ఉన్నాయి. బంగారం లేదు.

చట్టం ఒప్పుకుంది, అధికారి సంతకం పెట్టాడు, అందరూ ఇదే చేస్తున్నారు అనే కాగితాలు మన దగ్గర కూడా ఉంటాయి. భూమి పత్రాల్లో, వ్యాపార లెక్కల్లో, అన్నదమ్ముల పంపకాల్లో అలాంటి ముద్రలు ఎన్నో. వాటిని చూసి మనస్సాక్షి నోరు మూయించకండి. తిరిగి ఇవ్వాల్సింది ఏదైనా ఉంటే, అది మీ చేతిలో ఉండగానే ఇచ్చేయండి.